‘మా ఆయన్నడగండి’ అన్నది జవాబు కాదా?

మూడువందల ఎనభై నాలుగు. మన యూనివర్సిటీల్లో టూరిజం మీద వచ్చే పరిశోధనలూ, ప్రభుత్వ శాఖల కోసం కన్సల్టెన్సీలు రాసిపెట్టే రిపోర్టులూ చదివే అలవాటున్న వాళ్ళకి ఈ అంకె పాత చుట్టం లాంటిది. 1970లో క్రెజ్‌సీ, మోర్గాన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అచ్చువేసిన ఒక చిన్న పట్టిక నుంచి అది నడిచివచ్చింది. జనాభా ఎంత పెద్దదైనా సరే, చీటీలు తీసినట్టుగా 384 మందిని ఎంచుకుని అడిగితే, వచ్చే శాతంలో తేడా అటూ ఇటూ 5కి మించదనీ, నూటికి 95 సార్లు ఈ మాట నిలబడుతుందనీ దాని సారాంశం. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ‘చీటీలు తీసినట్టుగా’ అనే షరతు దారిలో ఎక్కడో జారిపోయింది, అంకె మాత్రం మిగిలింది.

జరిగేదేమిటి? ఆదివారం పూట బొర్రా గుహల టికెట్టు కౌంటరు దగ్గర నిలబడి, ఆగి మాట్లాడే తీరిక ఉన్న వాళ్ళని అడుగుతారు. ఎవరు ఆగుతారు? కుటుంబంతో వచ్చిన మగవాడు ఆగుతాడు. అతని భార్య చంటిపిల్లని ఎత్తుకుని ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటుంది. ఒకవేళ ఆ 384 మందిలో 60 మంది ఆడవాళ్ళు ఉన్నారనుకుందాం. నమూనా నిజంగానే చీటీలు తీసి ఎంచినదైనా, 60 మంది మీద చెప్పే శాతంలో తేడా అటూ ఇటూ 5 కాదు, దాదాపు 13. అంటే ‘మహిళల్లో 50 శాతం సంతృప్తి చెందారు’ అని రాసిన చోట అది 37 కావచ్చు, 63 కావచ్చు. వాళ్ళలో ఆదివాసీ స్త్రీలని విడదీస్తే చెప్పడానికి ఇక ఏమీ మిగలదు. అయినా కై స్క్వేర్ పరీక్ష చేస్తారు, పి విలువ 0.05 కన్నా తక్కువని నక్షత్రం గుర్తు పెడతారు. దారిన పోయేవాళ్ళని ఆపి అడిగిన జవాబుల మీద ఆ నక్షత్రానికి అర్థమేమిటో ఎవరూ అడగరు.

హక్కుల పత్రికలో ఈ నమూనాల గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకే విషయం ఎక్కడ తగులుతుందో చెబుతాను.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇస్తూ 2024-29 కాలానికి కొత్త విధానం ప్రకటించింది. ఆ తర్వాత కొద్ది వారాలకే, పర్యాటకం పెరగాలంటే మన్యంలో 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట ఒక ఉన్నత స్థానం నుంచి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆదివాసీ సంఘాలు ఏజెన్సీ బంద్ చేశాయి. చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రి చెప్పవలసి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే చట్టం అది. గనుల లీజుల మీద సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పు కూడా ఇదే అనంతగిరి మండలం, బొర్రా చుట్టుపక్కల గ్రామాల నుంచి వెళ్ళిన కేసులోనే. అప్పుడు గనులు, ఇప్పుడు రిసార్టులు. గనుల కాలంలో ‘స్థానికుల అభిప్రాయం’ అంటూ ఎవరూ ఫారాలు పట్టుకు తిరగలేదు. ఇప్పుడు తిరుగుతున్నారు. ‘స్థానికుల్లో ఇంత శాతం మంది పర్యాటకాభివృద్ధికి అనుకూలం’ అన్న వాక్యం రేపు ఏ ఫైలులో ఎక్కడ కూర్చుంటుందో ఊహించడం కష్టం కాదు. ఆ వాక్యం ఎలా తయారవుతుందో తెలుసుకోకుండా దానితో పోట్లాడలేం.

మన్యంలో జరిగిన అలాంటి ఒక సర్వే తాలూకు నింపిన ఫారాల కట్టలు చూసే అవకాశం నాకు వచ్చింది. ఎవరు చేయించారన్నది ఇక్కడ అప్రస్తుతం. ఇదే పద్ధతి చాలాచోట్ల నడుస్తున్నది కనక ఒకరి పేరు పెట్టి మిగిలిన వాళ్ళని వదిలేయడం నాకిష్టం లేదు. రిపోర్టు అందంగా ఉంది, రంగురంగుల బొమ్మలున్నాయి. కానీ రిపోర్టులో లేనిది ఫారాల్లో ఉంది. ఊళ్ళు తిరిగిన అమ్మాయిలు, డిగ్రీ చదువుతూ రోజుకూలికి ఈ పని ఒప్పుకున్నవాళ్ళు, ప్రశ్నల పక్కన పెన్సిలుతో చిన్నచిన్న మాటలు రాసుకున్నారు. ‘భర్త పక్కనే ఉన్నాడు.’ ‘కాఫీ తోటకి వెళ్ళింది, మామ చెప్పాడు.’ ‘తెలుగు సరిగా రాదు, పక్కింటి కుర్రాడు చెప్పించాడు.’ అన్నిటికన్నా ఎక్కువసార్లు, ఒక్కో కట్టలో పదే పదే: ‘మా ఆయన్నడగండి అంది.’

సర్వే ఎప్పుడు జరిగింది? డిసెంబరులో. ఎందుకంటే అరకుకి జనం వచ్చే కాలం అది. పర్యాటకుల్నీ స్థానికుల్నీ ఒకే దఫాలో అడిగేస్తే ఖర్చు కలిసొస్తుంది. కానీ మన్యంలో కాఫీ పండు కోసే కాలం కూడా అదే. కోతపని ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీద నడుస్తుంది. పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ మధ్య ఊళ్ళోకి వెళ్ళిన ఫారానికి ఇంట్లో దొరికేదెవరు? ముసలివాళ్ళు, పిల్లలు, కొందరు మగవాళ్ళు. ‘కుటుంబ యజమాని’ అన్న గడి ఎలాగూ మొదటి పేజీలోనే ఉంటుంది. ఇల్లు దొరికింది, యజమాని దొరికాడు, ఫారం నిండింది. సంత రోజున అడిగినా, చీకటి పడ్డాక అడిగినా వేరే మనుషులు దొరికేవాళ్ళు. రోజుకు ఇన్ని ఫారాలని లెక్కగట్టి కూలి ఇచ్చేచోట చీకటి పడేదాకా ఎవరు ఆగుతారు? ఆ అమ్మాయిల తప్పేమీ లేదు, వాళ్ళు పెన్సిలుతో రాసి ఉంచారు. చదవవలసిన వాళ్ళు చదవలేదు.

‘మా ఆయన్నడగండి’ అన్న మాటకి అర్థాలు ఒకటి కాదు. డబ్బు అతని చేతికే వస్తుంది కనక ఎంత వస్తున్నదో ఆమెకి నిజంగానే తెలియకపోవచ్చు. అతను పక్కనే నిలబడి ఉండవచ్చు. ఇది భూమి సంగతికి దారితీసే ప్రశ్న అని ఆమె పసిగట్టి, ముక్కూ మొహం తెలియని వాళ్ళకి నోరు విప్పకూడదని అనుకుని ఉండవచ్చు. ఏజెన్సీ ఆడవాళ్ళకి ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. లేదా పొద్దుట్నుంచి బుట్ట మోసి వచ్చిన మనిషికి ఈ గొడవంతా విసుగు తెప్పించి ఉండవచ్చు. ఈ నాలుగూ నాలుగు వేరువేరు సామాజిక సత్యాలు. వీటిని విడదీసి నాలుగు కోడ్‌లు పెట్టి లెక్కపెడితే, ఆ ఒక్క పట్టికే మొత్తం రిపోర్టు కన్నా విలువైనదవుతుంది.

కంప్యూటర్‌లో దానికి పట్టిన గతి వేరు. ‘జవాబు లేదు’ అని 99 నంబరు కొట్టారు. 99 అంటే ‘మిస్సింగ్’. ఈ లెక్కలకి మనవాళ్ళు ఎక్కువగా వాడే ఎస్‌పిఎస్‌ఎస్ ప్రోగ్రాములో పట్టిక తీస్తే రెండు శాతాల గళ్ళు పక్కపక్కనే వస్తాయి. మొదటిది అడిగిన అందరి మీదా లెక్కగట్టిన శాతం. రెండోది ‘వేలిడ్ పర్సెంట్’, అంటే జవాబు చెప్పినవాళ్ళ మీద మాత్రమే లెక్కగట్టినది. రిపోర్టులోకి ఎక్కేది చాలాసార్లు రెండోదే. దీని వల్ల ఏమవుతుందో ఒక ఊహా లెక్క వేసి చూపిస్తాను. వంద మంది స్త్రీలని ‘పర్యాటకం వల్ల మీ ఊరికి మేలు జరిగిందా?’ అని అడిగామనుకోండి. 30 మంది అవునన్నారు, 10 మంది లేదన్నారు, 60 మంది ‘చెప్పలేను, మా ఆయన్నడగండి’ అన్నారు. ఆ 60 మందినీ తీసి పక్కన పెడితే మిగిలింది 40. వాళ్ళలో 30 మంది అంటే 75 శాతం. రిపోర్టులో వాక్యం: ‘మహిళల్లో 75 శాతం మంది పర్యాటకం వల్ల మేలు జరిగిందని భావిస్తున్నారు.’ అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నోరు విప్పని 60 మంది ఆడవాళ్ళు మాత్రం మాయమైపోయారు.

అక్కడితో ఆగదు. ఆదాయం, చదువు, కులం, దూరం లాంటి పదిపన్నెండు అంశాలు కలిపి రిగ్రెషన్ చేసినప్పుడు, ఏ ఒక్క ప్రశ్నకి జవాబు లేకపోయినా ఆ మనిషి తాలూకు వరుస మొత్తాన్ని ఆ ప్రోగ్రాము పక్కకి నెట్టేస్తుంది. మనం వేరే చెప్పకపోతే అది చేసే పని అదే. ఇరవై ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పి, ‘నెలకి మీ ఇంటి ఆదాయం ఎంత?’ అన్నచోట మాత్రం తెలియదన్న స్త్రీ ఇరవై జవాబులతో సహా లెక్కలోంచి వెళ్ళిపోతుంది. మరి ఇంటి ఆదాయం తెలియని వాళ్ళు ఎక్కువగా ఎవరు? మళ్ళీ ఆడవాళ్ళే. దీన్ని పితృస్వామ్యపు కుట్ర అననక్కర్లేదు, సాఫ్ట్‌వేరు అలవాటు అన్నా చాలు. ఫలితం ఒక్కటే.

ఇక ఐదు మెట్ల కొలబద్ద. ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ దాకా. పర్యాటక పరిశోధనలో స్థానికుల వైఖరిని కొలిచే ప్రశ్నలు ఎక్కువభాగం అమెరికాలోనో యూరప్‌లోనో పుట్టినవి. వాటిని పుస్తకాల తెలుగులోకి దింపుతారు. కోటియా స్త్రీ ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, కొందు స్త్రీది కువి. ‘పర్యాటకాభివృద్ధి మా సమాజ జీవన నాణ్యతను మెరుగుపరచింది’ అన్న వాక్యం నాకే రెండోసారి చదివితే గాని ఎక్కదు. దానికి ఆమె ఐదింట ఎన్నో మెట్టు మీద ఉందో చెప్పాలి! చెప్పదు. నవ్వుతుంది. ఆ నవ్వుని అమ్మాయి ‘3’ అని రాసుకుంటుంది. మూడంటే తటస్థం.

పైగా సగటు తీస్తారు. ఊళ్ళో సగం మంది 5 అన్నారు, సగం మంది 1 అన్నారు అనుకుందాం. సగటు 3. ‘గ్రామస్థులు పర్యాటకం పట్ల తటస్థ వైఖరి కలిగి ఉన్నారు’ అని రాస్తారు. 5 అన్నవాళ్ళు జీపులు నడిపేవాళ్ళు, 1 అన్నవాళ్ళు కట్టెలకి పోయే దారికి కంచె పడ్డ ఆడవాళ్ళు అయితే ఆ ఊళ్ళో తటస్థంగా ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా లేరు. సగటు పక్కన ప్రామాణిక విచలనం అనే గడి ఉంటుంది, అది పెద్దగా ఉంటే ఊరు రెండుగా చీలి ఉందని అర్థం. గడి నింపుతారు, దాని గురించి ఒక్క వాక్యం రాయరు. మీ చేతికొచ్చిన ఏ రిపోర్టులోనైనా ముందు ఆ గడి చూడమని నా మనవి.

పని సంగతికి వద్దాం. ఇంటి ముందు హోమ్‌స్టే బోర్డు వేలాడుతుంది. బోర్డు మీద పేరు భర్తది. దుప్పట్లు ఉతికేది, నీళ్ళు మోసేది, చికెన్ కూరేది, వచ్చినవాళ్ళు పోయాక సీసాలు ఏరేది ఆమె. జాతీయ నమూనా సర్వే వాళ్ళ ఉపాధి లెక్కల్లో ప్రతి మనిషికీ ఒక కోడ్ పెడతారు. సొంత వ్యాపారం చేసేవాళ్ళకి 11. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయపడేవాళ్ళకి 21. కేవలం ఇంటిపని చేసేవాళ్ళకి 92. ఇంటిపనితో పాటు కట్టెలూ కూరాకులూ ఏరుకొచ్చుకునే వాళ్ళకి 93. భర్త 11. ఆమె 21 కావాలి. కానీ ‘ఏం పని చేస్తావమ్మా?’ అని అడిగితే ‘ఏముంది, ఇంటి పనే’ అంటుంది. 92 పడుతుంది. 21కీ 92కీ తేడా చిన్నది కాదు. 21 అయితే ఆమె శ్రామికురాలు. 92 అయితే శ్రామికశక్తికి బయట, లెక్కకి రాని మనిషి. రెండు కోడ్‌ల మధ్య ఉన్నదల్లా అడిగేవాళ్ళు ఇంకో ప్రశ్న వేయడం: ‘వచ్చిన అతిథులకి వంట ఎవరు చేస్తారు?’

ధింసా ఆడే స్త్రీలది ఇంకో తమాషా. పర్యాటకుల కోసం ఆడినప్పుడు డబ్బు బృందానికి ఇంత అని వస్తుంది. ‘లబ్ధిదారులు’ గడిలో బృందం ఒకటి. అందులో ఎంతమంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చేతికి ఎంత వచ్చింది, ఆ రోజు కాఫీ తోటలో పోయిన కూలి ఎంత, ఈ మూడూ అడగకుండా ‘గిరిజన మహిళలకు సాంస్కృతిక సాధికారత’ అని ఒక అధ్యాయం రాసేయవచ్చు. రాశారు కూడా.

మన్యం దాటి మైదానానికి వస్తే లెక్క మరో రకంగా తప్పుతుంది. మన దేశంలో దేశీయ పర్యాటకం మీద పెద్ద సర్వేలు జాతీయ నమూనా సర్వే సంస్థ 2008-09లోనూ, 2014-15లోనూ చేసింది. రెండింటిలోనూ రాత్రి బస చేసిన ప్రయాణాల్లో అన్నిటికన్నా పెద్ద వాటా విహారానిది కాదు, తీర్థయాత్రలది కూడా కాదు. ‘సామాజిక’ ప్రయాణాలది. అంటే చుట్టాలింటికి వెళ్ళడం, పెళ్ళిళ్ళు, చావులు, పండగలు. పర్యాటకం మీద అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం ఇవన్నీ పర్యాటకమే. మంచిదే, ఒప్పుకుందాం. అప్పుడు ఈ దేశంలో అన్నిటికన్నా పెద్ద హోటలు ఏది? మన వంటిల్లు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి భీమవరం వచ్చిన కొడుకు కుటుంబానికి రైలు టికెట్టు ఖర్చు లెక్కలోకి వస్తుంది, కారు పెట్రోలు వస్తుంది, కొన్న చీరలు వస్తాయి. నాలుగు రోజుల పాటు పన్నెండు మందికి అరిసెలూ భోజనాలూ పక్కలూ అమర్చిన ఆడవాళ్ళ శ్రమ రాదు. ఇంట్లోవాళ్ళ కోసం జీతం లేకుండా చేసే సేవ ఉత్పత్తి కాదని జాతీయాదాయ లెక్కలు గిరిగీశాయి. అదే పన్నెండు మంది లాడ్జిలో దిగి మెస్సులో తింటే ప్రతి పైసా పర్యాటక ఆదాయమే. 2009-10కీ, 2015-16కీ వేసిన టూరిజం శాటిలైట్ అకౌంట్లు ఈ గిరి లోపలే నడిచాయి.

ఆ శ్రమని కొలవలేమా? కొలుస్తున్నారు, వేరే సర్వేలో. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఆరేళ్ళు, ఆపై వయసున్న ఆడవాళ్ళలో 81.5 శాతం, మగవాళ్ళలో 27.1 శాతం జీతం లేని ఇంటిపని చేస్తున్నారు. చేసేవాళ్ళు రోజుకి వెచ్చించే సమయం ఆడవాళ్ళకి 289 నిమిషాలు, మగవాళ్ళకి 88. 1998-99లో మొదటిసారి ఆరు రాష్ట్రాల్లో ఈ సర్వేని ప్రయోగాత్మకంగా చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. ఇప్పుడు ఉంది. అతిథులు ఇంట్లో ఉన్న రోజులనీ లేని రోజులనీ విడదీసి ఆ నిమిషాలు చూపమని అడిగే పర్యాటక పరిశోధకుల కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం.

రాష్ట్రాలు గొప్పగా ప్రకటించుకునే కోట్ల సంగతి త్వరగా ముగిస్తాను. ఏటా దేశీయ పర్యాటకుల పట్టికలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలోనే ఉంటూ వస్తున్నది, 2022లో 19 కోట్లకు పైన చూపారు. అవి మనుషుల లెక్క కాదు, సందర్శనల లెక్క. తిరుపతి, కాణిపాకం, శ్రీకాళహస్తి చూసుకుని వెళ్ళే ఒక అమ్మ మూడు చోట్ల మూడుసార్లు లెక్కకి రావచ్చు. విదేశీయుల్లో ఆడా మగా ఎంతమందో ఇమ్మిగ్రేషన్ లెక్కల్లోంచి తీసి చెబుతారు. ఈ కోట్ల సందర్శనల్లో ఆడవాళ్ళవి ఎన్నో చెప్పే గడి ఆ పట్టికలో లేదు. ఒంటరిగా వెళ్ళి లాడ్జిలో గది దొరకక వెనక్కి వచ్చిన స్త్రీ ఏ పట్టికలోనూ ఉండదు. రానివాళ్ళని అడిగే సర్వే ఎవరూ చేయరు కదా.

ఇక మన మీటింగుల్లో బాగా తిరిగే అంకె ఒకటుంది. పర్యాటక రంగంలో పనిచేసేవాళ్ళలో 54 శాతం స్త్రీలే అన్నది. ప్రపంచ పర్యాటక సంస్థ 2019లో వేసిన నివేదికలోది. ప్రపంచ సగటు అది. దేశాన్ని బట్టి ఎంతో మారుతుంది. అదే నివేదికలో స్త్రీల సంపాదన పురుషుల కన్నా 14.7 శాతం తక్కువని కూడా ఉంది. మొదటి అంకెని తెలుగులో కరపత్రాల మీద చూశాను, రెండోదాన్ని చాలా తక్కువ చోట్ల చూశాను. ప్రపంచ సగటుని తెచ్చి పాడేరు ప్రాజెక్టు ప్రతిపాదన మొదటి పేజీలో అతికిస్తే, నిధులు ఇచ్చేవాళ్ళకి నచ్చుతుంది నిజమే. కానీ రేపు అదే అంకె చూపించి ‘రిసార్టు వస్తే మీ ఆడవాళ్ళకే కదమ్మా ఉద్యోగాలు’ అని ఎవరైనా అంటే మన దగ్గర జవాబేముంటుంది? మన సంస్థలు ఈ విషయంలో కన్సల్టెన్సీల కన్నా మెరుగ్గా లేవు. లబ్ధిదారుల సంఖ్య, శిక్షణ పొందినవారి సంఖ్య, సంతృప్తి శాతం. త్రైమాసిక రిపోర్టులో గళ్ళు నిండాలి గదా అంటాం.

దీనికి మన మిత్రుల్లో కొందరు ఇచ్చే సమాధానం నాకు మరీ ఇబ్బందిగా ఉంటుంది. ‘అంకెలతో మనకెందుకు, స్త్రీల అనుభవాలు చాలు, కథనాలు సేకరిద్దాం’ అంటారు. కథనాలు కావాలి, నేనూ ఏళ్ళ తరబడి సేకరించాను. కానీ అంకెల్ని వదిలేసి రావడమంటే ఆ మైదానం మొత్తం వాళ్ళకి రాసిచ్చేయడమే. 1974లో ‘సమానత్వం దిశగా’ నివేదిక దేశాన్ని కుదిపింది కథనాలతో మాత్రమే కాదు. 1901లో వెయ్యిమంది మగవాళ్ళకి 972 మంది ఆడవాళ్ళు ఉంటే 1971 నాటికి 930కి పడిపోయారని జనాభా లెక్కల్లోంచి తీసి చూపించింది. ఆ అంకెలు అచ్చులో ఎప్పట్నుంచో ఉన్నవే. వాటిని స్త్రీల ప్రశ్నగా చదివినవాళ్ళు లేరు, అంతే. 1991 జనాభా లెక్కలప్పుడు స్త్రీల సంఘాలూ, ఆర్థికవేత్తలూ ఒత్తిడి తెచ్చి, పని గురించి అడిగే ప్రశ్నలో ‘పొలంలో గాని, కుటుంబ వ్యాపారంలో గాని జీతం లేకుండా చేసిన పనితో సహా’ అన్న అర్థం వచ్చే మాటలు చేర్పించారు. ప్రశ్నలో నాలుగు మాటలు చేర్పించడానికి అంత పోరాటం అవసరమైంది. ప్రశ్న మార్చడం కూడా ఉద్యమమేనని ఆ తరం అక్కలు మనకి నేర్పారు.

కనక పర్యాటకం మీద వచ్చే ఏ సర్వే రిపోర్టునైనా మనం నిలదీసి అడగవలసినవి ఉన్నాయి. అడిగిన ఇళ్ళెన్ని, ప్రతి ఇంట్లో జవాబు చెప్పిందెవరు, ఆడా మగా, ఏ తెగ, పక్కన ఎవరున్నారు? ఈ పట్టిక మొదటి పేజీల్లోనే ఉండాలి. ప్రతి శాతం కింద అది ఎంతమంది మీద వేసిందో సంఖ్య ఉండాలి. ‘చెప్పలేను’ అన్నవాళ్ళని పట్టికలోంచి తీసేయకూడదు, వాళ్ళకో వరుస ఉండాలి, ఎందుకు చెప్పలేదో పెన్సిలు రాతలతో సహా రాయాలి. నెల, రోజు, వేళ రాయాలి. కాఫీ కోత రోజుల్లో చేసిన సర్వే అయితే ఆ మాట దాచకూడదు. చీటీలు తీసి ఎంచిన నమూనా కాకపోతే నక్షత్రాలు పెట్టకూడదు. అడిగినవాళ్ళ భాషేమిటి, చెప్పినవాళ్ళ భాషేమిటి అన్నది ఒక వాక్యంలోనైనా రావాలి. ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. చాలావరకు ఆ ఫారాల్లో ఉన్నవే, కంప్యూటరుకి ఎక్కించేటప్పుడు పారేసినవే.

ఆడవాళ్ళని విడిగా, ఆడవాళ్ళే అడగాలన్నది మాత్రం ఖర్చుతో కూడినదే. ఒక్కో ఇంటికి రెండు ఫారాలు, రెండు దఫాలు. బడ్జెట్ లేదంటారు. రంగురంగుల అట్టకి ఉన్న బడ్జెట్ దీనికి ఎందుకు లేదని నేనొక సమావేశంలో అడిగితే నవ్వారు. మళ్ళీ అడగాలి.

ఇంకో సంగతి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ చట్టం 1996లోనే వచ్చింది, ఆంధ్రప్రదేశ్ నియమాలు 2011లో వచ్చాయి. గ్రామసభకి తన వనరుల మీద మాట చెప్పే అధికారం కాగితం మీదైనా ఉంది. ఊరి అభిప్రాయం పేరుతో తయారైన రిపోర్టు ముందు ఆ ఊరి గ్రామసభలో, ఆ ఊరి భాషలో, పట్టికలతో సహా చదివి వినిపించాలని అక్కడ పనిచేస్తున్న మన సంఘాలు పట్టుబట్టాలి. ‘మీలో 75 శాతం మంది ఇలా అన్నారట’ అని చదివినప్పుడు వెనకవరుసలో కూర్చున్న ఆడవాళ్ళు ‘మమ్మల్ని ఎవరడిగారు?’ అంటే, ఆ మాటని సభ తీర్మానంలో రాయించాలి.

అరకులోయ, అనంతగిరి, పాడేరు, మారేడుమిల్లి వైపు పనిచేస్తున్న మిత్రులకి ఒక విన్నపం. ఇప్పుడు తిరుగుతున్న ఏ పర్యాటక సర్వే ప్రశ్నావళి అయినా ఖాళీ ఫారం ఒకటి దొరికితే పత్రిక చిరునామాకి పంపండి. నింపినది వద్దు, మనుషుల పేర్లు వద్దు. వచ్చినవాళ్ళు ఏ నెలలో, ఏ వేళలో, ఏ భాషలో అడిగారో వెనకవైపు రాయండి. కనీసం నాలుగైదు రకాల ఫారాలు చేరితే వచ్చే సంచికలో ప్రశ్నలు వరసగా పెట్టి చదువుదాం.